బొగ్గు గీత పడ్డ కట్లెట్లు

మా వదిన కన్నతండ్రికి సబ్బు తినిపించిందని మా చుట్టాల్లో ఒక కథ తిరుగుతోంది. ఇరవై ఏళ్ళు దాటినా దానికి కాళ్ళు నొప్పి పుట్టలేదు. ఎవరి పెళ్ళిలోనైనా సరే, విస్తట్లో మిఠాయి పడే వేళకి ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. మొన్న మా అన్న కూతురి సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చిన కొత్త వియ్యాలవారికి మా అమ్మే స్వయంగా చెప్పింది. వాళ్ళు కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. వదిన కూడా నవ్వుతూనే పెరుగు వడ్డించింది. నేను తల వంచుకుని, అప్పటికే కలిసిపోయిన పెరుగన్నాన్ని ఇంకా కలుపుతూ కూర్చున్నాను.

ఆ కథలో సబ్బు లేదు. వంటసోడా ఉంది. ఆ సోడా కొలిచిన చెంచా మా అమ్మది. మిగతా తప్పంతా నాది. వదినకి అందులో వాటా లేదు. ఈ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే ఇల్లు. అరవైల చివర్లో అన్నకి పెళ్ళయింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బి.ఏ.లో ఒక పేపరు పోయి, సెప్టెంబరులో రాస్తానని చెప్పి ఇంట్లో కూర్చున్నాను. సెప్టెంబరు వెళ్ళిపోయాక కూడా లేవలేదు.

వదినది విజయనగరం. చిన్నప్పుడే తల్లి పోతే, బడిపంతులైన తండ్రే వండి పెట్టి పెంచాడు. పెళ్ళయ్యాక వారానికో కవరు వచ్చేది ఆయన దగ్గర్నుంచి. లోపల ఉత్తరం అంటూ ఉండేది కాదు. 'క్షేమం, క్షేమమని తలుస్తాను' అన్న ఒక్క ముక్క, దాంతోపాటు ఏ వారపత్రికలోంచో కత్తిరించిన వంట కాగితం. ఆయనకి ప్రేమగా రాయడం చేతకాదు, కత్తిరించడం వచ్చు. వదిన ఆ కాగితాల్ని అన్నం మెతుకులతో ఒక లావుపాటి నోటు పుస్తకంలో అతికించుకునేది.

అతికించుకోవడమే గాని వండే వీలు లేదు. మా అమ్మ వంటకి వంక పెట్టడానికి లేదు, మార్చడానికీ లేదు. సోమవారం వంకాయ అయితే వచ్చే సోమవారమూ వంకాయే. వదిన రెండు నెలలు చూసి, ఒకరోజు పుస్తకం పట్టుకుని అమ్మ ముందు నిలబడింది.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "శనివారం రాత్రి ఎలాగూ అన్నం వొండం. ఆ పూట పొయ్యి నీది. ఏటి సేసుకుంటావో సేసుకో" అంది.

"మరి ఎలాగున్నాదో ఎవరు సెప్తారత్తా? శనివారం మనిద్దరికీ ఉపాసం కదా."

అదీ చిక్కు. శనివారం రాత్రి ఆడవాళ్ళిద్దరూ పాలు, పండూ తప్ప ముట్టేవారు కాదు. పొయ్యి మీద ఉన్నది రుచి చూస్తే ఎంగిలవుతుందని మామూలు రోజుల్లో కూడా చూసేవారు కాదు. అమ్మ అటూ ఇటూ చూసింది. అరుగు మీద పేపరు చదువుకుంటున్న నేను కనబడ్డాను.

"ఇదిగో, ఈడున్నాడు కదా పనీపాటా లేకుండా. ముందు ఈడికెట్టు. బాగున్నాదంటే మీ మావకీ నీ మొగుడికీ ఎడదాం. నేదంటే ఉప్పుడుపిండి ఉండనే ఉన్నాది."

నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే.

అది ఎంత పెద్ద పదవో మొదట్లో నాకూ తెలియలేదు. మా నాన్న ఆకు ముందు నోరు విప్పేవారు కాదు. అన్నం లక్ష్మి, దాని ముందు మాట్లాడకూడదని ఆయన నియమం. ఉప్పు తక్కువైనా తినేవారు, ఎక్కువైనా తినేవారు. అన్నకి మాట్లాడే హక్కు లేదు. తండ్రి పక్కన కూర్చుని పెళ్ళాం వంటని మెచ్చుకుంటే సిగ్గులేనివాడు, తిడితే మర్యాద లేనివాడు. ఇక మిగిలిన నాలిక నాదొక్కటే.

నేను బాగుందంటే వదిన ఆ పేజీ మీద కుంకుమ బొట్టు పెట్టేది. బాగులేదంటే బొగ్గుతో అడ్డంగా గీత గీసి, పక్కన కారణం రాసుకునేది. ఎందుకంత శ్రద్ధ అని అడిగాను ఒకసారి.

"మా నాన్న కోసం మరిదిగోరూ" అంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నతండ్రి ఆ ఇంట్లో మెతుకు ముట్టకూడదు. వదిన తండ్రి, మావయ్యగారు, మరీ నిష్ఠగా ఉండేవారు. కూతుర్ని చూడ్డానికొస్తే విజయనగరం నుంచి మరచెంబుతో నీళ్ళు తెచ్చుకుని, మా అరుగు మీద కూర్చుని అవే తాగి, ఆకలేస్తే స్టేషను దగ్గర హోటలుకెళ్ళి ఇడ్లీ తిని వచ్చేవారు.

"నేను పెళ్ళయ్యేదాకా ఆయన చేతి వంటే తిన్నాను. బిడ్డ పుట్టేక ఆయన తినే మొదటి ముద్ద నా చేత్తో వొండింది అవ్వాలి. అత్త ఒప్పుకున్నారు. పుస్తకంలో బొట్టు పడ్డవే వొండాలన్నారు. అందుకే మీరు నిజం సెప్పాలి."

"నేను అబద్ధం సెప్తానా వదినా" అన్నాను.

మొదటి శనివారం కంద కట్లెట్లు. కాగితంలో బంగాళాదుంప అని ఉంది. మా ఊరి సంతలో ఆ వారం అది లేదు, పెరట్లో కంద ఉంది. ఉడకబెట్టి, పచ్చిమిర్చి, అల్లం నూరి కలిపి, బొంబాయి రవ్వలో దొర్లించి పెనం మీద కాల్చింది. పదహారు వచ్చాయి. నా ముందు రెండు పెట్టి, తలుపు పట్టుకుని నిలబడింది.

పైన కరకర, లోపల వెన్న. అంతకు ముందు అలాంటిది నేను తినలేదు. బాగున్నాయి అనడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా ఒక లెక్క తోచింది. బాగున్నాయంటే ఇవి నాన్నకీ అన్నకీ వెళ్తాయి. పొలం నుంచి వచ్చినవాళ్ళ ఆకలి నాకు తెలుసు. నాకు ఈ రెండే.

దగ్గాను.

"ఏటయింది?"

"గొంతు దురద వదినా."

"అయ్యో, సింతపండు నీళ్ళల్లో ఉడకబెట్టేనే."

"మరింకేటో. దురదే." ఇంకా నాలుగు దగ్గులు దగ్గి మంచినీళ్ళడిగాను. కంద మీద నేరం మోపితే ఎవరైనా నమ్ముతారు.

అమ్మ పక్క గదిలోంచే తీర్పు చెప్పింది. "మీ మావకెట్టకు. పట్టుకెళ్ళి దూడకెట్టెయ్యి."

"నేను పెడతాన్లే" అని పళ్ళెం అందుకున్నాను.

గడ్డికుప్ప వెనక, డిగ్రీ దాదాపుగా చదివిన ఇరవై రెండేళ్ళ మగాణ్ణి, గొంతుక్కూర్చుని పదమూడు కట్లెట్లు తిన్నాను. దూడ నావైపే చూస్తూ నిలబడింది. దానికొకటి పెట్టాను. సాక్షిని ఊరికే వదిలెయ్యకూడదు.

వదిన ఆ పేజీ మీద గీత గీసి, పక్కన 'గొంతు దురద' అని రాసుకుంది.

కొన్ని వారాలకి కేకు వచ్చింది. గుడ్డు లేని కేకు. మైదా దొరక్క చోడిపిండి, పంచదార బదులు బెల్లం. ఇసుక పోసిన పెద్ద గిన్నెలో చిన్న గిన్నె దింపి, మూత మీద నిప్పులు పోసింది. ఆ కాగితంలో వంటసోడా ఒక చెంచా వెయ్యాలని ఉంది. వదిన చెంచా అడిగితే అమ్మ నేతి గరిటె ఇచ్చింది.

"అత్తా, ఇది పెద్దదేమో."

"మా ఇంట్లో సెంచా అంటే ఇదే. మాకు టీ నీళ్ళు కలుపుకునే సెంచాలు నేవు."

కాపరానికొచ్చిన మొదటి ఏడాది అత్తగారి గరిటెతో ఎవరు వాదిస్తారు? నిండా కొలిచి వేసింది.

కేకు బ్రహ్మాండంగా పొంగింది. నల్లగా నిగనిగలాడుతూ, నెయ్యి రాసిన శివలింగంలా ఉంది. ముక్క నోట్లో పెట్టుకున్నాను. చాకిరేవంతా నా నాలిక మీదకి దిగింది. ఉమ్మేద్దామని లేవబోతుంటే గుమ్మంలో అన్న కాళ్ళు కడుక్కుంటూ కనబడ్డాడు. ఆ పొద్దున్నే వాడు నలుగురి ముందూ నన్ను, "ఒరే, పేపరు రాసేదుందా, అరుగు మీద పేపరు సదవడమేనా?" అని అడిగాడు.

మింగాను. "వదినా, ఇలాటిది నేను పుట్టి తిన్లేదు" అన్నాను. ఆ మాట వరకూ నిజమే.

నాన్నకీ అన్నకీ చెరొక ముక్క పడింది. నాన్న తిని, రెండు చెంబుల నీళ్ళు తాగి లేచిపోయారు. అన్న సగం తిని నావైపు చూశాడు.

"వదినా, అన్నకి మొగమాటం. అడగలేడు. ఇంకోటెయ్యి" అన్నాను.

వేసింది. ఆ రాత్రి అన్న మూడు ముక్కలు తిన్నాడు. పుస్తకంలో కేకు మీద కుంకుమ బొట్టు పడింది.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. నా నాలికకి నచ్చినదానికి బొగ్గు, అన్నని ఏడిపించడానికి పనికొచ్చేదానికి బొట్టు. కొబ్బరిపాల కుర్మా చేసిన రోజున కడుపులో మంట అన్నాను. ఆ మంటతోనే గిన్నెడూ గడ్డికుప్ప వెనకాల పూరీలతో నాకేశాను. క్యాబేజీతో పాయసం చేసిన రోజున అన్న చేత రెండు గిన్నెలు తాగించాను. అన్నీ అబద్ధాలే చెప్పానని కాదు. అటూ ఇటూ కానివి కొన్ని ఉండేవి. వాటి గురించి నిజమే చెప్పేవాణ్ణి. దానివల్ల నాకు పోయేదేమీ లేదు.

అన్న ఒకసారి నన్ను పశువుల సాలలో పట్టుకున్నాడు. "ఏరా, నిజం సెప్పకూడదా?"

"నీ పెళ్ళాం కదా, నువ్వే సెప్పు."

"నా పెళ్ళాం కాబట్టే నిన్ను సెప్పమంతన్నాను" అన్నాడు. వాడికి పెళ్ళయి అప్పటికి ఆర్నెల్లు. వదిన మట్టి ముద్ద పెట్టినా బాగుందనే రోజులు.

ఆడపిల్ల పుట్టింది. వదిన విజయనగరం నుంచి పసిపిల్లతో తిరిగొచ్చిన కొన్నాళ్ళకి, కోతలైపోయాక, మావయ్యగారు ఒక గురువారం భోజనానికి వస్తున్నట్టు కబురొచ్చింది. అమ్మ మాట తప్పలేదు. "ఆ పూట నేను పొయ్యి దగ్గిరికి రానమ్మా. బొట్టున్నవి సూసి వొండుకో" అంది.

బుధవారం సాయంత్రం వదిన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"మరిదిగోరూ, మా నాన్నకి కుర్మా అంటే పేణం. దీనికి బొగ్గు గీతున్నాది. అంత బాగులేదా? మరోపాలి గుర్తు తెచ్చుకుని సెప్పండి."

నన్ను ఏ కోర్టులోనూ అంత మర్యాదగా అడిగి ఉండరు. ఒక్క మాట చాలు. ఆ మాట చెప్తే గడ్డికుప్ప సంగతి బయటికొస్తుంది, అన్న ఊరంతా చెప్తాడు, అరుగు మీద కూర్చునే మొహం ఉండదు. అంతకుముందు చెప్పినవన్నీ కొంటెతనం కిందే జమకట్టుకున్నాను, ఇప్పటికీ వాటికి నవ్వొస్తుంది. ఆ సాయంత్రం చెప్పినదానికి మాత్రం నవ్వు రాదు.

"కడుపులో మంట వదినా. పెద్దాయన" అన్నాను.

"మరి కేకు?"

"బొట్టుంది కదా."

మర్నాడు మావయ్యగారు మొదటిసారి మరచెంబు లేకుండా వచ్చారు. మా ఇంటి నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, మా ఇంటి పీట మీద కూర్చున్నారు. పక్కన నాన్న, అన్న, చివర నేను. పప్పు, వంకాయ, చారు బాగానే నడిచాయి. ఆయన ముద్ద ముద్దకీ కూతురి వైపు చూస్తున్నారు. ఆఖర్న వదిన కేకు తెచ్చింది. పసుపు రాసిన పళ్ళెంలో, చుట్టూ బంతిపూలు పెట్టి.

ఆయన ముక్క కొరికారు. దవడ ఆగింది. మళ్ళీ కదిలింది. ముక్క మొత్తం తిన్నారు.

"బాగున్నాదా నాన్నా?"

"ఇంకోటి ఎయ్యమ్మా" అన్నారు.

రెండోది తిన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వదిన అది ఆనందమనుకుని మూడోది వేసింది. ఆయన దాని వైపు చెయ్యి చాపారు. అప్పుడు జరిగింది, మా ఇంట్లో ఎవరూ ఎరగనిది. ఆకు ముందు ఎన్నడూ నోరు విప్పని మా నాన్న విప్పారు.

"బావగారూ, మరి సాలు."

లోపల అమ్మ చేతిలో గిన్నె జారింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

గురువారం కాబట్టి ఆడవాళ్ళకి ఉపవాసం లేదు. మేం లేచాక వాళ్ళిద్దరూ కూర్చున్నారు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, పెరట్లోకి పరుగెత్తి వచ్చింది. "ఇదేటే కోడలా, సబ్బు బిళ్ళలాగున్నాది. కన్నతండ్రికి సబ్బెట్టినావే" అంది. వదిన కూడా తిన్నది. ఉమ్మలేదు. నెమ్మదిగా నమిలి మింగి, నేను నిలబడ్డ గుమ్మం వైపు చూసింది.

"సోడా ఎక్కువైనట్టున్నాదత్తా" అంది. నా పేరెత్తలేదు. గరిటె పేరూ ఎత్తలేదు.

మావయ్యగారు సాయంత్రం బండికి వెళ్ళిపోయాక, దూడకి గడ్డి వేస్తున్న నా దగ్గరికొచ్చింది.

"బొట్టున్నది ఇలాగుంటే, గీతున్నవి ఎలాగుంటాయి?"

నేను గడ్డి సర్దుతూ నిలబడ్డాను.

"అన్నీ మీరే తినేసినారా?"

"దూడకొకటి పెట్టాను."

కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. గట్టు మీద కూర్చుని, "కట్లెట్లు ఎలాగున్నాయో సెప్పండి. నేను వొండినవి, నాకు తెలీదు కదా" అంది.

చెప్పాను. పైన ఎలా కరకరలాడిందీ, లోపల అల్లం ఎక్కడ తగిలిందీ. కుర్మాలో కొబ్బరిపాలు విరక్కుండా ఎంత చిక్కగా నిలిచిందీ, లవంగం ఎంత సన్నగా వాసనేసిందీ. ఏడాది వంటలు వరసగా చెప్పాను. ఎవరో వేరే ఊరి వంటింటి ముచ్చట వింటున్నట్టు విన్నది.

"అత్తకి సెప్తారా?"

"సెప్తాను."

చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే సబ్బు కథ ఊరు దాటిపోయింది. అమ్మ శనివారం పొయ్యి వెనక్కి తీసేసుకుంది. ఆ వారం విజయనగరం నుంచి మామూలుగానే కవరు వచ్చింది. లోపల 'సోడా వెయ్యని కేకు' అని ఒక కాగితం. వదిన దాన్ని అతికించింది. ఆ పేజీ మీద బొట్టూ లేదు, గీతా లేదు. దాని తర్వాత పేజీల మీద కూడా లేవు. మావయ్యగారు బతికున్నన్నాళ్ళు మా ఇంటికి వస్తూనే ఉన్నారు, భోంచేస్తూనే ఉన్నారు. అన్నీ మా అమ్మ వంటలే.

నేను ఆ మిగిలిన పేపరు రాసి, గజపతినగరంలో ఉద్యోగంలో చేరాను. ఎక్కడ ఆ కథ విన్నా తల వంచుకున్నాను.

మొన్న వియ్యాలవారు వెళ్ళాక ఇక ఉండబట్టలేక అమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. కట్లెట్లు, గడ్డికుప్ప, నేతి గరిటె, అన్నీ. అమ్మ ఓపిగ్గా విని నా తల నిమిరింది.

"నీది మొదట్నించీ మంచి మనసురా. వదిన మీద మాట పడకుండా నీ మీద ఏసుకుంతన్నావు" అంది.

ఇరవై ఏళ్ళకి నిజం చెప్తే నాకు దక్కింది అదీ. వంటింట్లోంచి వదిన నవ్వు వినిపించింది.

ఆ వచ్చే శనివారం సాయంత్రం, ఎవర్నీ అడక్కుండా వదిన పొయ్యి ముందు కూర్చుంది. డాక్టరు అమ్మ చేత ఉపవాసాలు మాన్పించేశాడు. అమ్మ ముందు పళ్ళెం పెట్టి రెండు వేసింది. అమ్మ కొరికింది. రెండూ అయ్యాక పళ్ళెం ముందుకి తోసింది.

"ఇంకోటెయ్యే. ఇవి ఎప్పుడు నేర్సుకున్నావు?"

"మీరు దూడకెట్టెయ్యమన్నవే అత్తా."

అమ్మ దవడ ఆగింది. చాలాసేపు పళ్ళెం వైపు చూసి, తర్వాత నావైపు తిరిగింది.

"మరి ఆ దూడ ఏటి తిన్నాదిరా?"

"ఒకటి తిన్నాదమ్మా" అన్నాను.

అన్న పక్కకి తిరిగి నవ్వుతున్నాడు. వాడికి ఐదు పడ్డాయి. వాడి కూతురికి నాలుగు. వదిన పళ్ళెం పట్టుకుని నా ముందుకొచ్చింది, ఆగింది, పళ్ళేన్ని మరో చేతిలోకి మార్చుకుని నాకు ఉప్పుడుపిండి వడ్డించింది.

"మీకు పడవు కదా మరిదిగోరూ. గొంతు దురద. పుస్తకంలో ఉన్నాది."

"ఆడికెయ్యకు" అంది అమ్మ నోటినిండా పెట్టుకుని.

మిగిలినవి తన పళ్ళెంలో వేసుకుని, అమ్మ పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది వదిన. ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మొత్తం పదహారు చేసింది, నేను లెక్కపెట్టాను. ఒక్కటీ మిగల్లేదు.